జీవితకథనాలను టైపు చేసి ఇచ్చే ట్రాన్స్‌క్రిప్షన్ సేవ: 13 ఇంటర్వ్యూల అనుభవం

దీర్ఘకాలం జబ్బుపడినవారు తమ అనారోగ్యాన్ని తమ మాటల్లో ఎలా చెప్పుకుంటారన్న విషయం మీద నేను చేస్తున్న పరిశోధన కోసం 14 ఇంటర్వ్యూలు రికార్డు చేశాను. అన్నీ కలిపి 22 గంటల పైచిలుకు. గంటసేపటి రికార్డింగును పొల్లుపోకుండా రాయాలంటే చేయి తిరిగినవారికే నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. విరామాలు, నవ్వులు, ఒకరి మాటలో ఒకరు కలగజేసుకోవడాలు కూడా గుర్తించాలంటే ఇంకా ఎక్కువే. అందుచేత, ఆడియో పంపితే తెలుగులో టైపు చేసి ఇచ్చే ఒక ఆన్‌లైన్ సేవను ఎంచుకుని 13 ఫైళ్లు వారికి అప్పగించాను. నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. ఇంటర్వ్యూల్లో ఏ ఏ అంశాలు వచ్చాయో ఏరి కోడింగ్ చేసుకునేవారికి, అంటే వాటికి పేర్లు పెట్టి వర్గీకరించుకునేవారికి, ఈ సేవ చక్కగా పనికొస్తుంది. కథన పద్ధతిలో, అంటే ఏం చెప్పారన్నదే కాక ఎలా చెప్పారన్నది కూడా విశ్లేషిస్తూ, పనిచేసేవారికి మాత్రం, ఏం కావాలో స్పష్టంగా రాసి ఇచ్చి, వచ్చిన ప్రతిని ఆడియో వింటూ మొదటి నుంచి చివరి వరకు సరిచూసుకునే ఓపిక ఉంటేనే పనికొస్తుంది.

సేవ నడిచే తీరు సులభంగానే ఉంది. ఫైలు ఎక్కించాక రెండు రకాల ప్రతుల్లో ఒకటి ఎంచుకోవాలి. తడబాట్లు, పునరుక్తులు తీసేసి వాక్యాలు సరిచేసి ఇచ్చేది శుద్ధ ప్రతి. పలికింది పలికినట్టు ఇచ్చేది యథాతథ ప్రతి. రెండింటికీ మొదట సాఫ్ట్‌వేర్ ఒక చిత్తుప్రతి తయారు చేస్తే, దాన్ని ఒక మనిషి విని దిద్దుతారు. రెండు నిమిషాలకొకసారి సమయం వేస్తారు, ఎవరు మాట్లాడుతున్నారో పక్కన రాస్తారు. గంటన్నర ఫైలు నాలుగు రోజుల్లో వచ్చింది. పేర్లు, మందుల పేర్లు, ఆస్పత్రి పదజాలం ఆశ్చర్యం కలిగించేంత శుభ్రంగా ఉన్నాయి. పరిశోధనకు అనువైనదని శుద్ధ ప్రతి పక్కనే రాసి ఉండటంతో మొదటి మూడు ఫైళ్లకు నేను అదే ఎంచుకున్నాను. ఈ సేవ విషయంలో నాకున్న మొదటి ఫిర్యాదు ఆ మాట మీదే.

అది ఎందుకు ఫిర్యాదు అయిందో ఒక చిన్న భాగంతో చూపిస్తాను. ఆనవాళ్లు తెలియకుండా వివరాలు మార్చాను. ఒకామె తనను ఆస్పత్రిలో చేర్చిన రాత్రి గురించి చెబుతోంది. శుద్ధ ప్రతిలో ఇలా వచ్చింది:

"రాత్రి జ్వరం ఎక్కువైంది. నాకు ఏమీ తెలియదు. మా అన్నయ్య ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కడ నన్ను పడుకోబెట్టారు. అన్నయ్య నిలబడి ఏడ్చాడు, నేను చూశాను. ఏమీ ఫర్వాలేదని అన్నారు. మూడు రోజుల తర్వాత ఇంటికి వచ్చాను."

ఇందులో సమాచారపరంగా ఒక్క తప్పూ లేదు. అనుమానం వచ్చి ఆడియో విన్నప్పుడు ఆమె చెప్పింది ఇది:

"రాత్రి… జ్వరం, జ్వరం ఎక్కువైందంట.
నాకేం తెలీదు.
మా అన్నయ్య తీసుకెళ్లాడంట, ఆస్పత్రికి.
(4 సెకన్ల మౌనం)
అక్కడ నన్ను పడుకోబెడుతున్నారు, అన్నయ్యేమో నిలబడి ఏడుస్తున్నాడు, నేను చూస్తున్నా.
ఏం ఫర్వాలేదమ్మా అంటారు.
ఫర్వాలేదంటారు.
మూడు రోజులకి… ఆ, మూడు రోజులే, ఇంటికొచ్చేశాను."

రెండుసార్లు వచ్చిన ఆ "అంట" అనే చిన్న మాటలో ఎంత విషయం ఉందో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. తన జీవితంలో అతి ముఖ్యమైన రాత్రిలో మొదటి భాగాన్ని ఆమె ఇతరులు చెప్పగా విని తెలుసుకుంది; అది ఆమె జ్ఞాపకం కాదు. నాలుగు సెకన్ల మౌనం తర్వాత "అంట" మాయమవుతుంది, క్రియలు భూతకాలం నుంచి వర్తమానంలోకి మారతాయి, అక్కడి నుంచి ఆమె సొంత జ్ఞాపకం మొదలవుతుంది. అన్నయ్య ఏడుపు ఆమెకు ఇప్పటికీ కళ్లముందు జరుగుతున్న సంగతి. "అన్నారు" అని కాకుండా "అంటారు" అని, అదీ రెండుసార్లు అనడంలో ఆ భరోసా మీద ఆమెకున్న అపనమ్మకం వినిపిస్తుంది. శుద్ధ ప్రతిని దిద్దినవారు వ్యాకరణం సరిచేశామని అనుకుని ఉంటారు. వారు సరిచేసిన చోటల్లా నా విశ్లేషణకు ఆధారం పోయింది.

కథన పద్ధతుల సంగతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. ఏమి రాయాలి, ఏమి వదిలేయాలి అన్న నిర్ణయంలోనే పరిశోధకుల సిద్ధాంతం దాగి ఉంటుందని భాషా మానవశాస్త్రవేత్త ఎలినార్ ఓక్స్ 1979లోనే వాదించారు. విలియం లబోవ్, జోషువా వలెట్‌స్కీ 1967లో మౌఖిక కథనానికి ఒక నిర్మాణ చట్రాన్ని ప్రతిపాదించారు. కథ దేని గురించో చెప్పే సారాంశం, ఎవరు ఎక్కడ ఎప్పుడు అన్న నేపథ్యం, చిక్కు తెచ్చిన సంఘటన, చెప్పేవారి మూల్యాంకనం, ముగింపు, మళ్లీ వర్తమానానికి తెచ్చే చివరి మాట అనే ఆరు భాగాలుగా ఆ చట్రం తర్వాత స్థిరపడింది. వీటిలో మూల్యాంకనమే కథకు ప్రాణం, ఎందుకంటే ఇదంతా ఎందుకు చెబుతున్నారో అక్కడే తెలుస్తుంది. అయితే మూల్యాంకనం ఎప్పుడూ విడిగా ఒక వాక్యంలో కూర్చుని ఉండదు. మాటను రెండోసారి అనడంలో, సాగదీయడంలో, ఇంకొకరి గొంతుతో పలకడంలో ఉంటుంది. టైపు చేసేవారు పునరుక్తి అని తీసేసేది సరిగ్గా దాన్నే.

నా విషయంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. అనారోగ్య కథనాలను సామాజికశాస్త్రవేత్త ఆర్థర్ ఫ్రాంక్ 1995లో మూడు రకాలుగా వర్ణించారు: జబ్బు చేసింది, వైద్యం జరిగింది, మళ్లీ మామూలయ్యాను అనే పునఃస్థాపన కథనం; జబ్బు తనకేదో నేర్పిందని చెప్పే అన్వేషణ కథనం; దారీ తెన్నూ లేకుండా ఒకదాని మీద ఒకటి వచ్చిపడటమే తప్ప కారణమూ క్రమమూ లేని కల్లోల కథనం. మూడో రకం కథనంలో "ఆ తర్వాత, ఆ తర్వాత, మళ్లీ ఆ తర్వాత" అని వాక్యాలు గొలుసుగా సాగుతాయి, మధ్యలో తెగిపోతాయి. అలాంటి ప్రసంగాన్ని చక్కని వాక్యాలుగా విడగొట్టి చుక్కలు పెడితే, కల్లోల కథనం పునఃస్థాపన కథనంలా కనబడుతుంది. నాకు వచ్చిన రెండో ఫైలులో అచ్చంగా అదే జరిగింది. ఇంకా కోలుకోని ఒక వ్యక్తి, కాగితం మీద కోలుకున్న మనిషిలా మాట్లాడుతున్నారు. ఆడియో వినకుండా ఆ ప్రతిని నమ్మి ఉంటే ఆయన గురించి నేను అబద్ధం రాసి ఉండేదాన్ని.

నాలుగో ఫైలు నుంచి యథాతథ ప్రతికి మారి, దానితోపాటు ఒక పేజీ సూచనలు రాసి పంపాను. "అంట", "ఏమో", "మరి", "కదా" వంటి మాటలు ఏవీ వదలవద్దని, క్రియల కాలాన్ని మార్చవద్దని, రెండు సెకన్లు దాటిన మౌనాలను అంకెతో చూపాలని, నవ్వునూ నిట్టూర్పునూ కుండలీకరణాల్లో రాయాలని, మాండలికాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచాలని అందులో కోరాను. ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చింది దానికి వారు స్పందించిన తీరు. సమన్వయకర్త ఆ సాయంత్రమే ఫోన్ చేసి, "మేడమ్, ఊపిరి పీల్చిన చప్పుడు కూడా రాయాలా, లేక ఏడుపు ఆపుకుంటున్నట్టు అనిపించినప్పుడే రాయమంటారా?" అని అడిగారు. విశ్లేషణ ఎలా జరుగుతుందో అర్థం చేసుకుంటే తప్ప రాని ప్రశ్న అది. అంతవరకు నేను ఆలోచించని విషయం కూడా. ఏడుపు అని నిర్ధారించి రాయడం కూడా వ్యాఖ్యానమే అవుతుంది కాబట్టి, వినబడిన శబ్దాన్ని మాత్రమే రాయమని చెప్పాను. ఆ తర్వాతి ప్రతులు చాలా మెరుగుపడ్డాయి. మౌనాలు దాదాపు అన్నిచోట్లా సరిగానే ఉన్నాయి.

మాండలికం మాత్రం చివరిదాకా సరిపడలేదు. "చేసిండు" అన్నది "చేశాడు" అయింది, "పోతాండ్లు" అన్నది "పోతున్నారు" అయింది. ఎత్తి చూపితే దిద్దారు, తర్వాతి ఫైలులో మళ్లీ అదే తప్పు. సాఫ్ట్‌వేర్ చిత్తుప్రతి పుస్తక భాషవైపు లాగుతుందని, దిద్దేవారి చేయి కూడా అలవాటుగా అటే పోతుందని నాకు అర్థమైంది. ఒకరి కథనాన్ని వారిది కాని యాసలో ఉటంకించడం నాకు ఒప్పుదల కాదు. ఆ కథను ఫలానా మనిషి చెప్పారనడానికి యాసే మొదటి గుర్తు.

ఇంకో లోపం నాకు ఆలస్యంగా తెలిసింది. ఇంటర్వ్యూ చేసేవారు మధ్యమధ్యలో అనే "ఊ", "అవునా", "అయ్యో" వంటి మాటలను యథాతథ ప్రతిలో కూడా తీసేశారు. అవి అడ్డుగా ఉంటాయని వారి నియమమట. కానీ ఇంటర్వ్యూ అంటే ఇద్దరు కలిసి అల్లే సంభాషణ అని ఎలియట్ మిష్లర్ 1986లో బలంగా చెప్పారు. కాథరిన్ కోలర్ రీస్మన్ 2008లో కథన విశ్లేషణను విషయపరమైనది, నిర్మాణపరమైనది, సంభాషణ–ప్రదర్శనపరమైనది, దృశ్యపరమైనది అని నాలుగు తీరులుగా వివరించినప్పుడు, మూడో తీరులో వినేవారికి కూడా చెప్పేవారితో సమానంగా చోటుంది. నా "ఊ"లన్నీ తిరిగి పెట్టించుకుని చదివితే ఒక చోట నాకే బాధ కలిగింది. ఒకాయన తన భార్య గురించి చెప్పడం మొదలుపెట్టగానే నేను "సరే, ఆపరేషన్ తర్వాత ఏమైంది?" అని మళ్లించాను. ఆయన ఆపరేషన్ గురించే చెప్పారు. భార్య ప్రస్తావన మళ్లీ రాలేదు. 1970ల్లో జర్మనీలో ఫ్రిట్జ్ షుట్‌సె రూపొందించిన జీవితకథన ఇంటర్వ్యూ పద్ధతిలో, మొదటి ప్రశ్న వేశాక ప్రధాన కథనం పూర్తయ్యేదాకా అడ్డు రాకూడదన్న నియమం ఎందుకుందో ఆ పేజీ చూశాక నాకు బాగా తెలిసింది. సేవవారి నియమం ప్రకారం ఆ ప్రశ్న మిగిలింది గానీ, అంతకు ముందు నేను అసహనంగా రెండుసార్లు అన్న "ఊఁ, ఊఁ" పోయింది. ఆయన ఆగిపోవడానికి కారణం అందులోనే మొదలైంది.

గోప్యత విషయంలో వారి పద్ధతి తృప్తికరంగా ఉంది. రాతపూర్వక ఒప్పందం ఇచ్చారు, పని పూర్తయిన 30 రోజుల్లో ఫైళ్లు తొలగిస్తామని చెప్పి, తొలగించాక తెలియజేశారు. అయితే బయటివారు తమ గొంతు వింటారన్న సంగతి, ఇంటర్వ్యూ ఇచ్చేవారు సంతకం చేసే సమ్మతి పత్రంలో ముందే ఉండాలి. నేను ఇంటర్వ్యూలు మొదలుపెట్టక ముందే ఆ వాక్యం చేర్చాను కాబట్టి ఇబ్బంది రాలేదు. చేర్చనివారు ఏ సేవకూ ఫైళ్లు పంపకూడదు. సేవవారు ఇంకా ఆలోచించని విషయం ఒకటుంది. మరణభయం గురించిన గంటన్నర మాటలను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పదేపదే వెనక్కి తిప్పి వింటూ టైపు చేసే మనిషి మీద ఆ బరువు పడుతుంది. అలాంటి ఫైళ్లకు ముందుగా హెచ్చరిక రాసే చోటు వారి ఫారంలో లేదు. నేను విడిగా ఉత్తరం రాశాను, వారు మర్యాదగా జవాబిచ్చారు, ఫారం మాత్రం మారలేదు.

గడువు ఒక్కసారే తప్పింది. ఒక ఫైలులో మాట్లాడేవారి గుర్తులు తారుమారై నా ప్రశ్నలు వారివిగా, వారి జవాబులు నావిగా వచ్చాయి. మర్నాటికి సరిచేసి పంపారు.

కథన పద్ధతుల్లోనే రకరకాలుగా పనిచేసేవారు ఉన్నారు కాబట్టి ఒక మాట విడదీసి చెప్పాలి. జీవితంలోని ఘట్టాలను కాలక్రమంలో పేర్చి ఒక్కొక్కరి కథను తిరిగి రాసేవారికి సూచనలతో తెప్పించుకున్న యథాతథ ప్రతి సరిపోతుంది. జేమ్స్ పాల్ గీ చూపిన దారిలో మాటల విరుపును బట్టి పంక్తులుగా, చరణాలుగా విడగొట్టి చదివేవారికి ఈ సేవ ఇచ్చేది ముడిసరుకు మాత్రమే. పంక్తి ఎక్కడ విరుగుతుందో చెవితో విని తామే నిర్ణయించుకోవాలి. గెయిల్ జెఫర్సన్ రూపొందించిన సంకేతాలతో స్వరం ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది, ఎవరి మాట ఎవరి మీద పడింది అన్న స్థాయిలో పనిచేసేవారు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది. సంభాషణ విశ్లేషణలో శిక్షణ ఉన్నవారు చేయాల్సిన పని అది.

వచ్చిన 13 ప్రతులనూ నేను ఆడియోతో సరిచూశాను. గంట రికార్డింగుకు సుమారు రెండున్నర గంటలు పట్టింది. మొత్తం నేనే టైపు చేసి ఉంటే పట్టే సమయంలో ఇది సగం. ఆ మేరకు సేవ నాకు నిజంగా మేలు చేసింది. 14వ ఇంటర్వ్యూ మాత్రం పంపలేదు. అందులో మాట్లాడినాయన రికార్డింగు పూర్తయిన ఐదు వారాలకు చనిపోయారు, ఆ గొంతును ఇంకొకరి చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. గంటా పది నిమిషాల ఫైలు. నేనే టైపు చేశాను, తొమ్మిది గంటలు పట్టింది. 41వ నిమిషం దగ్గర, "మళ్లీ పొలానికి పోతారా?" అని నేను అడిగాక, 11 సెకన్ల మౌనం ఉంది. ఇంటర్వ్యూ జరుగుతున్నప్పుడు దాన్ని నేను గమనించనే లేదు.