పర్ఫెక్ట్ పిచ్ నేర్పుతానంటున్న యాప్: అది నిజంగా నేర్పేది ఏమిటి?

ఏ వయసువారికైనా పర్ఫెక్ట్ పిచ్, అంటే విన్న స్వరం పేరును ఏ ఆధారమూ లేకుండా చెప్పగల శక్తి, అలవడేలా చేస్తానని చెప్పుకునే ఒక ఫోన్ యాప్‌ను కొంతకాలంగా వాడుతున్నాను. చెవికి తర్ఫీదునిచ్చే సాధనంగా అది బాగానే ఉంది గాని, అది ఇస్తున్న తర్ఫీదుకూ పర్ఫెక్ట్ పిచ్‌కూ సంబంధం తక్కువ.

ఆ శక్తి ఉన్న సంగీతకారులు స్వరాన్ని మరో స్వరంతో పోల్చి గుర్తుపట్టరు. సెకనుకు 440 కంపనాలున్న (440 హెర్ట్జ్) ధ్వని వినబడగానే, చదువు వచ్చినవారు అక్షరం కనబడితే చదవకుండా ఉండలేనట్టు, అది పాశ్చాత్య సంగీతంలోని ‘ఏ’ (A) స్వరం అని వారికి దానంతట అదే తెలిసిపోతుంది. మిగతా సంగీతకారుల్లో చాలామందికి ఉండేది వేరే విద్య: ఆధార శ్రుతి ఒకటి చెవిలో ఉంటే, అక్కడి నుంచి ఎంత దూరమో లెక్కగట్టి తక్కిన స్వరాలను పట్టుకోగలరు. షడ్జమాన్ని ఎక్కడ నిలిపినా తడబడకుండా పాడేవారి బలం ఇదే. ఇది తక్కువదేమీ కాదు.

యాప్‌లోని ప్రధాన లోపం ఇక్కడే బయటపడుతుంది. సెట్టింగుల్లో ఆపేస్తే తప్ప, ప్రతి పాఠానికి ముందు అది ‘సి’ (C) మెట్టును మోగిస్తుంది. ఆ నాదం చెవిలో ఆరకముందే ‘ఈ’ (E) స్వరాన్ని వినిపించి పేరు అడుగుతుంది, తప్పు చెబితే సరైన స్వరాన్నీ మనం ఎంచుకున్న దాన్నీ పక్కపక్కనే వినిపిస్తుంది. తర్వాతి ప్రశ్నలన్నీ అదే స్థాయిలో (ఆక్టేవ్‌లో, అంటే ఒక స్వరం నుంచి అదే పేరున్న పై స్వరం వరకు ఉన్న మేరలో) దగ్గరదగ్గరగా ఉంటాయి గనుక, దూరం కొలవడం వచ్చినవారికి మార్కులు గబగబా పెరుగుతాయి. ఉదయాన్నే ఏ సంగీతమూ వినకముందు, ఆధార స్వరం లేకుండా ఇచ్చే మొదటి జవాబే అసలు పరీక్ష. అక్కడ నేను ఇప్పటికీ ఊహించి చెబుతున్నాను. కొందరు పరిశోధకులు తమ పరీక్షల్లో వరుస స్వరాల మధ్య ఒక పూర్తి స్థాయికి (ఆక్టేవ్‌కు) మించిన ఎడం పెట్టింది ఈ అడ్డదారిని మూయడానికే.

మరో ఫిర్యాదు చిన్నది. 220, 440, 880 హెర్ట్జ్‌లు మూడూ ‘ఏ’లే. పర్ఫెక్ట్ పిచ్ ఉన్నవారు కూడా పేరు సరిగ్గా చెప్పి స్థాయి దగ్గర పొరబడుతుంటారు. యాప్ మాత్రం అలాంటి జవాబుకు సున్నా వేస్తుంది.

మెచ్చుకోవలసినవీ ఉన్నాయి. ఇందులోవి అసలైన పియానో నాదాలు. ఆ శక్తి ఉన్నవారికి సైతం యంత్రం పుట్టించే శుద్ధ ధ్వని కంటే అలవాటైన వాద్యంలో గుర్తింపు తేలిక. శ్రుతిని, అంటే ‘ఏ’ స్వరాన్ని, 440 హెర్ట్జ్ నుంచి 415కు దించుకునే వీలు కూడా పెట్టారు. అది దాదాపు ఒక అర్ధస్వరం (పియానోపై పక్కపక్క మెట్ల మధ్య ఉండే ఎడం) తేడా. మనబోటివారికి పట్టదు గాని, పర్ఫెక్ట్ పిచ్ ఉన్నవారికి కళ్లెదుట రాసి ఉన్న స్వరం ఒకటి, చెవిన పడేది మరొకటి అయి చికాకు పెడుతుంది.

ఇక వయసు సంగతి. ఈ శక్తి ఉన్నవారిలో అధికులు ఆరేడేళ్లలోపే సంగీతం మొదలుపెట్టినవారు. పెద్దలు సాధనతో కొంత మెరుగుపడ్డారని ఇటీవలి పరిశోధనలు చూపినా, ‘ఎవరికైనా వస్తుంది’ అనడం అతిశయోక్తి. సంగీతం నేర్వనివారిలో కూడా చాలామంది తమకిష్టమైన పాటను అసలు శ్రుతికి దగ్గరగా ఎత్తుకోగలరని 1994లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ లెవిటిన్ చూపారు. అంటే శ్రుతి జ్ఞాపకం ఉంది, దానికి పేరు తగిలించడమే రాలేదు. ఆ జ్ఞాపకాన్ని వాడుకునే పాఠం ఈ యాప్‌లో ఒక్కటీ లేకపోవడం నాకు వింతగా తోచింది.

స్వరాల మధ్య దూరాలు పట్టడం నేర్చుకోదలచినవారు దీన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు. పర్ఫెక్ట్ పిచ్ కోసమే అయితే, చందా కట్టే ముందు సెట్టింగుల్లో ఆధార స్వరాన్ని ఆపేసి, ఉచిత పాఠాల్లో మొదటి ప్రశ్న ఒక్కటే చూసుకోవడం మంచిది.