సాగర్‌లో ఒక రాత్రి: డ్యామ్‌తో పాటు కాలనీలూ చూడండి

నాగార్జునసాగర్ వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది పొద్దున్నే బయల్దేరి, గేట్లు ఎత్తితే చూసి, చేపల వేపుడు తిని, ఎత్తిపోతల జలపాతం దగ్గర ఫోటోలు దిగి రాత్రికల్లా ఇల్లు చేరుకుంటారు. హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా సుమారు 150 కిలోమీటర్లే కాబట్టి అలా వెళ్ళి రావచ్చు. కానీ ఒక రాత్రి ఉండి, అక్కడి కాలనీల్లో కాలినడకన తిరగమని నా సలహా. ఒక పని కోసం కట్టిన ఊరు, ఆ పని అయిపోయాక ఎలా బతుకుతుందో అక్కడ కళ్ళారా చూడొచ్చు.

1955 డిసెంబరు 10న నెహ్రూ ఈ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. ఇది రాతితో కట్టిన ఆనకట్ట, ఎత్తు 124 మీటర్లు. యంత్రాల కన్నా మనుషుల చేతులే ఎక్కువ పనిచేశాయి. వేలమంది కూలీలు, మేస్త్రీలు, ఇంజినీర్లు ఏళ్ళ తరబడి ఆ కొండల మధ్య ఉండాలంటే ఇళ్ళు, బడి, ఆసుపత్రి, బజారు అన్నీ కొత్తగా కట్టాల్సిందే. అలా మూడు కాలనీలు వచ్చాయి. ఎడమ గట్టున ఎత్తు మీద హిల్ కాలనీ, దిగువన పైలాన్ కాలనీ, కుడి గట్టున విజయపురి సౌత్. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. తర్వాత కట్టుబడి పని తగ్గుతూ వచ్చింది, ఊళ్ళు మాత్రం నిలిచాయి.

హిల్ కాలనీలో ఉదయం ఎండ ముదరకముందే నడవండి. వెడల్పు రోడ్లు, పెద్ద చెట్లు, ఒకే నమూనాలో వరసగా క్వార్టర్లు. నిదానంగా చూస్తే ఏ రెండూ ఇప్పుడు ఒకేలా లేవని తెలుస్తుంది. ఒకరు ముందు రేకుల వరండా దింపారు, ఒకరు గోడ పగలగొట్టి కిరాణా కొట్టు పెట్టారు, ఇంకొకరు పెరట్లో గది వేసుకున్నారు. టీ కొట్టు దగ్గర మాట కలిపిన పెద్దాయన, వాళ్ళ నాన్న వర్క్‌ఛార్జ్‌డ్ ఉద్యోగిగా, అంటే ప్రాజెక్టు పని పద్దు మీద జీతం తీసుకునే ఉద్యోగిగా వచ్చారని, రిటైరయ్యాక వెనక్కి వెళ్ళడానికి సొంతూళ్ళో ఏమీ మిగల్లేదని చెప్పారు. ఇలాంటి కుటుంబాలే ఈ ఊరిని ఊరుగా నిలబెట్టాయి.

బాధపెట్టేవీ ఉన్నాయి. కొన్ని క్వార్టర్లు ఖాళీగా పడి, పైకప్పు కూలి, లోపల కంపచెట్లు మొలిచాయి. మురుగు కాలువలు పూడిపోయిన వీధులు కనిపించాయి. ప్రాజెక్టు రోజుల్లో నీళ్ళు, దీపాలు అన్నీ డిపార్ట్‌మెంటే చూసుకునేది. ఎడమ గట్టు కాలనీలు నందికొండ మున్సిపాలిటీ అయింది 2018లోనే. ఇంత మంచి ప్లానుతో కట్టిన ఊరికి సొంత పాలన రావడానికి అంత కాలం పట్టడం నాకు అన్యాయం అనిపించింది.

2014 తర్వాత ఎడమ గట్టు తెలంగాణ, కుడి గట్టు ఆంధ్రప్రదేశ్. యాత్రికుడికి దీనివల్ల తెలిసే తేడా ఏమిటంటే, ఏ సమాచారమైనా రెండు చోట్ల అడగాలి. ఈ గట్టున నాగార్జునకొండ ద్వీపానికి వెళ్ళే లాంచీ ఉందో లేదో ఆ గట్టు వాళ్ళు చెప్పలేరు. ఆనకట్ట మీది దారి అందరికీ తెరిచి ఉండదు, అవతలికి వెళ్ళాలంటే దిగువ వంతెన మీదుగా తిరిగి వెళ్ళాలి.

బసకు ఎడమ గట్టే నయం. తెలంగాణ టూరిజం వాళ్ళ విజయ్ విహార్ నుంచి జలాశయం ఎదురుగా కనిపిస్తుంది, వారాంతమైతే ముందే బుక్ చేసుకోవాలి. మేము దిగిన ప్రైవేటు లాడ్జి చౌకే కానీ వేడినీళ్ళు పొద్దున కాసేపే, జనరేటర్ లేదు. పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే అలాంటి చోట టెన్షనే. భోజనానికి కాలనీ బజారులోని చిన్న మెస్సులు రోడ్డు పక్క పెద్ద హోటళ్ళ కన్నా బాగున్నాయి. బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం 2022లో తెరిచారు, 274 ఎకరాలు. శుభ్రంగా ఉంది, స్తూపం చూడదగ్గదే. నడక మాత్రం చాలా ఎక్కువ, మధ్యాహ్నం వెళ్ళొద్దు.

ఇక నాగార్జునకొండ. నీళ్ళ కింద ఉన్న లోయలో క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. కోటగోడ, దాని చుట్టూ కందకం, నది ఒడ్డున రాతి మెట్ల స్నానఘట్టం, బయట విహారాలు. అదీ ఆలోచించి కట్టిన నగరమే. ముంపుకు ముందు 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాల్లో కొన్నిటిని కొండ మీదికి, కుడి గట్టున ఉన్న అనుపుకు తరలించి మళ్ళీ కట్టారు. కొండ మీది మ్యూజియంలో మునిగిపోయిన లోయ నమూనా ఒకటుంది. చాలామంది శిల్పాలు చూసి దాన్ని దాటి వెళ్ళిపోతున్నారు. దాని ముందు పది నిమిషాలు నిలబడండి, ఏది ఎక్కడ ఉండేదో అర్థమయ్యాకే బయటున్న కట్టడాలకు విలువ తెలుస్తుంది. కొత్త ఊరి కోసం, పొలాలకు నీళ్ళ కోసం మనం ఏం వదులుకున్నామో కూడా.

మ్యూజియానికి శుక్రవారం సెలవు. లాంచీ నీటిమట్టాన్ని బట్టి, వచ్చిన జనాన్ని బట్టి కదులుతుంది కాబట్టి ముందురోజే విజయపురి సౌత్‌లో కనుక్కోండి. లాంచీ లేకపోతే రోడ్డు మార్గాన అనుపు వెళ్ళొచ్చు, అక్కడ మెట్ల రంగస్థలం, విహారాల పునాదులు ఉన్నాయి. నాకైతే కొండ కన్నా అనుపే నచ్చింది, జనం తక్కువ, తొందరపెట్టేవాళ్ళు లేరు. తిరుగు ప్రయాణానికి అక్కడ ఆటోలు దొరకడం కష్టం, వెయిటింగ్‌కు ఎంతో ముందే మాట్లాడుకుని వెళ్ళిన ఆటోనే ఆపుకోండి.