ప్రెజర్ పంపు మార్చాలంటే వెంటనే ఒప్పుకోకండి, ముందు ప్రెజర్ ట్యాంకులో గాలి చూపించమనండి

విశాఖలో మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది వైపు సొంతిళ్లు ఉన్నవాళ్లు ఇది ఒకసారి చదవండి. ముఖ్యంగా పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, పెద్దవాళ్లు మాత్రమే ఇంట్లో ఉంటున్నవాళ్లు. కుళాయిలో ధార సన్నగా వస్తోందని పిలిస్తే, బాగున్న మోటారు విప్పుకుపోయి కొత్తది అంటగట్టే షాపువాళ్లు మా వైపు తిరుగుతున్నారు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. వాళ్ల పద్ధతి మాత్రం చెబుతాను.

మా ఇంట్లో ఉన్నది మీలో చాలామంది ఇళ్లలో ఉండేదే. బోరు మోటారు నీళ్లను ఓవర్‌హెడ్ ట్యాంకులోకి ఎక్కిస్తుంది. అక్కడి నుంచి బాత్రూములకి అర హెచ్‌పీ ప్రెజర్ పంపు, దాని పక్కన 24 లీటర్ల చిన్న ప్రెజర్ ట్యాంకు. పై అంతస్తు బాత్రూముకీ ఓవర్‌హెడ్ ట్యాంకుకీ మధ్య ఎత్తు రెండు మూడు మీటర్లే. పది మీటర్ల ఎత్తు ఉంటేనే సుమారు ఒక బార్ ప్రెజర్ వస్తుంది. అందుకే పైన షవర్ సరిగ్గా రావాలంటే పంపు కావాలి.

ఈమధ్య షవర్ ఒక క్షణం గట్టిగా, మరుక్షణం నీరసంగా రావడం మొదలైంది. పంపు టక్కుమని ఆన్ అవుతుంది, టక్కుమని ఆఫ్ అవుతుంది. నేను డ్యూటీలో ఉన్నప్పుడు నాన్నగారు షాపుకి ఫోన్ చేశారు. వచ్చినతను ప్రెజర్ చూపించే గేజ్ వైపు కూడా చూడలేదట. "గురువుగారూ, వైండింగ్ కాలిపోయిందండి, ఇంకెన్నాళ్లో నడవదు. షార్టయితే ఇల్లంతా ట్రిప్ అయిపోద్ది" అన్నాడు. వైండింగ్ కాలిపోయిన మోటారు అలా ఆగుతూ, మళ్లీ మొదలవుతూ మామూలుగా తిరుగుతుందా? కమురు వాసన కొడుతుంది, ట్రిప్ అవుతుంది, లేదా హమ్‌మని మూలిగి ఆగిపోతుంది. 78 ఏళ్ల మనిషికి షార్ట్ సర్క్యూట్ పేరు చెబితే టెన్షన్ పడకుండా ఎలా ఉంటారు?

ఒక హెచ్‌పీ కొత్త పంపు బిగించారు. పాతది "ఎక్స్ఛేంజ్" అని పట్టుకెళ్లారు, ఎంత తగ్గించారో ఎక్కడా రాయలేదు. అది కాపర్ వైండింగ్ మోటారు, పాతసామాను కొట్లో వేసినా దానికో రేటుంది. పద్దెనిమిది వేలకి ఇచ్చింది తెల్లకాగితం మీద చేత్తో రాసిన చీటీ. జీఎస్‌టీ నంబర్ లేదు, వారంటీ కార్డు మీద షాపు ముద్ర లేదు. ఇది చాలదన్నట్టు "బోరు ఫ్లషింగ్ కూడా చేయించాలండి" అన్నారట. ఓవర్‌హెడ్ ట్యాంకు రోజూ ఎప్పటిలాగే నిండుతుంటే, కుళాయి ధారకీ బోరుకీ సంబంధం ఏమిటి? ఆ ముక్క దగ్గరే వాళ్ల బండారం బయటపడింది.

కొన్నాళ్లకి మళ్లీ అదే టక్కుటక్కు. పైగా పంపు పెద్దది కావడంతో గీజర్ దగ్గర జాయింటు కారడం మొదలైంది. ఈసారి కంచరపాలెం నుంచి ఒక పెద్దాయన్ని పిలిచాం. ఆయన సంచీ కూడా తెరవలేదు. ప్రెజర్ ట్యాంకు వెనక ఉన్న ప్లాస్టిక్ మూత తీసి, బండి ట్యూబుకి ఉండేలాంటి ఆ వాల్వులో పిన్ను నొక్కారు. గాలి రావాల్సిన చోట నీళ్లు చిమ్మాయి. "మోటారు ఎందుకు మార్చారు బాబూ? లోపల బ్లాడర్ చిరిగింది" అన్నారు. కొత్త బ్లాడర్‌కి, ఆయన కూలికి కలిపి అయినది పంపు ధరలో పదోవంతు లేదు.

బ్లాడర్ అంటే ఆ ట్యాంకులోని రబ్బరు సంచి. అందులో నీళ్లు, దాని చుట్టూ గాలి ఉంటాయి. కుళాయి తిప్పగానే ముందు ఆ గాలే నీళ్లని నెడుతుంది, పంపు తర్వాత మొదలవుతుంది. గాలి దిగిపోతే, మగ్గు నీళ్లు పట్టినా పంపు లేవాల్సిందే. గేజ్ ముల్లు గబగబా పైకీ కిందకీ ఊగుతుంటే మొదట అనుమానించాల్సింది ఈ గాలినే.

గాలి చూడటానికి మెకానిక్కు కూడా అక్కర్లేదు. కరెంటు మెయిన్ ఆపండి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి పంపుకి వచ్చే గేట్ వాల్వ్ కట్టేయండి. కింద కుళాయి తిప్పి నీళ్లు పూర్తిగా ఆగేదాకా వదలండి. ఆ తర్వాతే టైర్ గేజ్ పెట్టాలి, లోపల నీళ్లుండగా పెడితే అది చూపించేది నీళ్ల ప్రెజర్. పంపు 20 పీఎస్ఐ దగ్గర ఆన్, 40 దగ్గర ఆఫ్ అయ్యేలా ఉంటే గాలి 18 ఉండాలి. అంటే ఆన్ అయ్యే అంకెకి రెండు తక్కువ. తగ్గితే టైర్లకి గాలి కొట్టే చిన్న పంపుతో మీరే కొట్టుకోవచ్చు. కొట్టినా నిలవకపోతేనో, పిన్ను నొక్కితే నీళ్లొస్తేనో బ్లాడర్ పోయినట్టే.

అన్నిసార్లూ ట్యాంకే కారణం కాదనుకోండి. ఒక్క కుళాయిలోనే ధార తగ్గితే దాని మూతిలోని జల్లెడ విప్పి కడగండి, ఇసుక ఉంటుంది. వేడినీళ్ల వైపు మాత్రమే తగ్గితే గీజర్‌లో, దాని వాల్వులో బోరు నీళ్ల తెల్లపొర కట్టి ఉంటుంది. పంపు ఆగకుండా తిరుగుతూ ప్రెజర్ ఎక్కకపోతే ఫిల్టర్ మూసుకుందేమో, గేట్ వాల్వ్ సగమే తెరిచి ఉందేమో చూడండి. అర్ధరాత్రి ఎవరూ కుళాయి తిప్పకుండా పంపు లేస్తే ఫ్లష్ ట్యాంకు కారుతోంది, లేదా ఎన్నార్వీ (నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వు) పట్టడం లేదు. సముద్రం దగ్గర్లో, డాబా మీద వానకీ గాలికీ ఉన్న ప్రెజర్ స్విచ్ (పంపుని ఆన్, ఆఫ్ చేసేది) పాయింట్లు ఉప్పుగాలికి తుప్పు పట్టడమూ మామూలే. స్విచ్ మార్చడానికి పంపు మార్చక్కర్లేదు.

ఒకవేళ బోరులోనే నీళ్లు తగ్గి, గాలి బుడగలతో తుస్సుమంటూ వస్తుంటే, "పెద్ద హెచ్‌పీ వేద్దాం" అనే మాట అసలు వినకండి. మన దగ్గర కింద గట్టి రాయి, నీళ్లు రాతి పగుళ్లలోంచి ఊరాల్సిందే. పెద్ద మోటారు ఊరేదాన్ని పెంచదు, త్వరగా తోడేసి ఖాళీగా తిరుగుతుంది. అప్పుడు నిజంగానే కాలిపోతుంది.

మీకూ ఇలాగే జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయవచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. చీటీ ఒక్కటే ఉన్నా పారేయకండి. ఫోన్‌పేలో కట్టి ఉంటే ఆ స్క్రీన్‌షాట్, కొత్త పంపు నేమ్‌ప్లేట్ ఫొటో దాచుకోండి. పాత మోటారు మాత్రం, లెక్క కాగితం మీద రాసిచ్చేదాకా గేటు దాటనివ్వకండి. మాది ఇంకా ఆ షాపులోనే ఉంది.