గ్యాస్ట్రిక్ బైపాస్ తరువాత ఇన్నేళ్లకు: కాలేయం బాగుపడింది, పెగ్గు లెక్క మారిపోయింది

బరువు తగ్గే ఆపరేషన్ గురించి మనవాళ్లు రాసిన అనుభవాలు దాదాపుగా మొదటి ఏడాదివే. ఎన్ని కిలోలు తగ్గారు, షుగర్ మాత్రలు ఎప్పుడు మానేశారు, వదులైన చర్మాన్ని ఏం చేశారు అన్నవి వాటిలో కావలసినంతగా ఉన్నాయి కాబట్టి ఆ జోలికి నేను పోను. 2016లో నాగపూర్‌లో గ్యాస్ట్రిక్ బైపాస్ (కడుపును చిన్న సంచిగా మిగిల్చి నేరుగా పేగుకు కలిపే ఆపరేషన్) చేయించుకుని, మహారాష్ట్రలోని బల్లార్షాలో బొగ్గు గని ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ, ఇన్నేళ్లుగా ఆ చిన్న పొట్టతోనే బతుకుతున్న మనిషిగా ఒక్క విషయం మీదే రాస్తున్నాను. ఆపరేషన్ తరువాత మద్యం ఒంట్లో పనిచేసే తీరు పూర్తిగా మారిపోతుంది. దీన్ని నాకు ముందే ఎవరూ సరిగ్గా చెప్పలేదన్న కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మెచ్చుకోవలసిన దాన్ని ముందు మెచ్చుకుంటాను. ఆపరేషన్‌కు ముందు నా స్కానింగులో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ (కాలేయంలో కొవ్వు) ఉండేది, కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌.జి.పి.టి. 90 దాటి ఉండేది. ఏడాదిన్నర తిరిగేసరికి స్కానింగులో కొవ్వు కనిపించలేదు, ఎస్‌.జి.పి.టి. మామూలు స్థాయికి వచ్చింది. ఇది నా ఒక్కడి అదృష్టం కాదు. కొవ్వుతో పాటు కాలేయంలో వాపు కూడా ఉన్నవారిలో ఏడాది గడిచేసరికి 85 శాతం మందికి ఆ వాపు పోయిందని ఫ్రాన్సులోని లీల్ నగర వైద్యులు 2015లో ప్రకటించారు. ఆ రోజుల్లో అడిగిన చుట్టాలకూ స్నేహితులకూ మరో ఆలోచన లేకుండా చేయించుకోమనే చెప్పాను. ఇప్పుడు అడిగేవాళ్లను మాత్రం ముందు మందు అలవాటు ఉందా అని అడుగుతున్నాను.

ఎందుకంటే ఆ మంచి రిపోర్టులన్నీ దారుబందీ కాలం నాటివి. మా చంద్రపూర్ జిల్లాలో 2015 ఏప్రిల్ నుంచి 2021 దాకా మద్య నిషేధం ఉండేది. పక్కనే ఉన్న గడ్చిరోలిలో అయితే 1993 నుంచీ ఉంది. నిషేధం ఉందని మందు దొరకలేదని కాదు, కావలసినవాళ్లు రెట్టింపు ధర పెట్టి చాటుగా తెచ్చుకున్నారు, లేదంటే రైలెక్కి కాగజ్‌నగర్ వెళ్లి వచ్చారు. ఎదురుగా పెడితే తాగి, పెట్టకపోతే వెతుక్కుంటూ వెళ్లని నాలాంటివాళ్ల ఇళ్లలో మాత్రం ఆ ఆరేళ్లూ చుక్క లేదు. నా కాలేయాన్ని బాగుచేసిన గొప్పంతా ఆపరేషన్‌కే కట్టబెట్టాను గానీ, అందులో కొంత వాటా ఆ చట్టానిది కూడా అయివుండాలి.

నిషేధం ఎత్తేశాక వచ్చిన మొదటి చలికాలంలో మా ఆఫీసు పెద్దాయన ఒకరు రిటైరయ్యారు, ఆ సందర్భంగా దావత్ ఇచ్చారు. అన్నంతో పాటు నీళ్లు తాగకూడదని, తినడానికీ తాగడానికీ మధ్య కనీసం అరగంట ఎడం ఉండాలని బైపాస్ అయినవారికి గట్టిగా చెబుతారు, ఆ నియమాన్ని నేను తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. అన్నానికి అది మంచి నియమమే గానీ, మందు విషయంలో దాని అర్థం ఏమిటో ఆ రాత్రి తెలిసింది: గ్లాసులో ఉన్నది ఎప్పుడూ ఖాళీ కడుపులోకే దిగుతుంది. కూల్‌డ్రింక్ కలిపిన ఒకే ఒక్క పెగ్గు నెమ్మదిగానే తాగాను. పది నిమిషాలు గడవకముందే, పూర్వం మూడో పెగ్గు తరువాత గానీ రాని మత్తు తలకెక్కింది. అది తొందరగానే దిగినట్టు అనిపించి, తిండి మొదలుపెట్టే లోపు మాటల్లో పడ్డాను. గంట దాటాక అసలు సంగతి మొదలైంది. చొక్కా తడిసేలా చెమట పట్టింది, చేతులు వణికాయి, ఎదుటివాళ్లు అడిగినదానికి సంబంధం లేని జవాబులు చెప్పానట. చాలా ఏళ్ల తరువాత తాగాడు కాబట్టి ఎక్కువైంది, పక్కగదిలో పడుకోబెడితే పొద్దుటికి అదే సర్దుకుంటుందని అక్కడున్న పెద్దలంతా తీర్మానించారు. తాగినవాడి విషయంలో మన దగ్గర ఎప్పుడూ జరిగేది అదే. రాజురాలో మందుల దుకాణంలో పనిచేసే మా అక్క కొడుకు అదృష్టవశాత్తూ నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చి, నా చేయి చల్లగా తగలడం చూసి, ఎవరి మాటా వినకుండా గ్లూకోమీటర్ తెప్పించి వేలు గుచ్చాడు. షుగర్ 46కు పడిపోయి ఉంది. గ్లూకోజు నీళ్లు తాగించి, తేరుకున్నాక రొట్టె, పప్పు తినిపించి, తెల్లవారే దాకా మరో రెండుసార్లు చూశాడు. పడుకోబెట్టి ఉంటే ఏమయ్యేదో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు.

జరిగింది ఏమిటో తరువాత నాగపూర్‌లో కాలేయ వైద్యురాలు వివరించారు. మామూలు మనిషి కడుపులో మద్యం కొంతసేపు నిలుస్తుంది, అక్కడే కొద్దిగా విరుగుతుంది, మిగిలినది మెల్లమెల్లగా పేగులోకి వెళుతుంది. బైపాస్‌లో మిగిల్చేది చిన్న సంచి మాత్రమే, దానికి మూత లాంటి కండరం ఉండదు, కాబట్టి తాగినదంతా ఒక్కసారిగా పేగులోకి జారి నేరుగా రక్తంలో కలుస్తుంది. కూల్‌డ్రింక్‌లోని చక్కెర కూడా అదే వేగంతో ఎక్కడం వల్ల ఇన్సులిన్ ఉప్పెనలా వచ్చి, ఆ తరువాత షుగర్ అడుగంటింది. అలాంటప్పుడు నిల్వలో ఉన్న గ్లూకోజును వదిలి, కొత్తగా తయారుచేసి ఆదుకోవలసిన కాలేయం మద్యాన్ని విరిచే పనిలో చిక్కుకుపోయి ఉంది.

నా కోపం ఇక్కడే. డిశ్చార్జి రోజు ఇచ్చిన ఫైలులో కాల్షియం మాత్రకూ ఐరన్ మాత్రకూ మధ్య ఎన్ని గంటల ఎడం ఉండాలో కూడా రాసి ఉంది, మద్యం గురించి ఉన్నది మాత్రం ఆరు నెలల వరకు వద్దు అనే ఒక్క వాక్యం. అది చదివిన ఎవరికైనా ఏడో నెల నుంచి పరవాలేదనే అనిపిస్తుంది. నిజానికి ప్రమాదం పెరిగేది ఆ తరువాతే. అమెరికాలో పది ఆసుపత్రుల రోగులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం ఒకటి, మద్యం సమస్య మొదటి ఏడాదిలో కాక రెండో ఏడాదిలో పెరుగుతోందని 2012లోనే చెప్పింది. బైపాస్ అయిన ఆడవాళ్లలో రెండు డ్రింకులు, ఆపరేషన్ కానివారిలో నాలుగు డ్రింకులంత పనిచేస్తాయని 2015లో మరో అధ్యయనం వచ్చింది. రెండూ నా ఆపరేషన్‌కు ముందువే. ఐదేళ్లలో బైపాస్ వారిలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి మద్యం సమస్య లక్షణాలు కనిపించాయన్న లెక్క 2017లో వచ్చింది. అవి అక్కడి లెక్కలు, ఇక్కడికి అచ్చంగా అతకకపోవచ్చు, కానీ నా ఫైలులో నాలుగు వాక్యాలు రాయడానికి చాలు. కడుపును నిలువునా కోసి సన్నని గొట్టంలా మిగిల్చే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నవారు తమకు ఇది వర్తించదనుకుంటారు, వారిలోనూ మత్తు అలాగే త్వరగా ఎక్కుతుంది. పైగా పోలీసులు ఊదించే యంత్రంలో మద్యం ఉన్నదానికన్నా తక్కువగా కనిపించే అవకాశం ఉంది కాబట్టి, దాన్ని నమ్ముకుని బండి తీయడానికీ లేదు.

రెండోసారి జరిగింది ఇంత నాటకీయంగా లేదు. కూల్‌డ్రింక్ మానేసి, ముందే ఏదైనా తిని, సోడాతో శనివారం ఒక్క పెగ్గు అన్న పద్ధతి బాగానే నడిచింది. మెల్లగా శనివారం వారం మధ్యకు జరిగింది, ఒకటి రెండైంది. దాన్ని ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ఎవరూ తాగుడు అనలేదు, ఎందుకంటే అది ఆపరేషన్‌కు ముందు తాగినదానిలో సగం కూడా లేదు. మావాళ్లందరూ గ్లాసులను లెక్కపెడుతున్నారు, రక్తం మాత్రం అంతకు రెట్టింపు లెక్కపెడుతోంది. 2024 కాలేయ రక్త పరీక్షల్లో ఎస్‌.జి.ఓ.టి. 94, ఎస్‌.జి.పి.టి. 41 వచ్చాయి, జి.జి.టి. చాలా పైన ఉంది. స్కానింగులో కొవ్వు పెద్దగా లేదు. కొవ్వు వల్ల వచ్చే ఫ్యాటీ లివర్‌లో సాధారణంగా ఎస్‌.జి.పి.టి. ఎక్కువగా ఉంటుందని, ఎస్‌.జి.ఓ.టి. దానికి రెండింతలు దాటితే ముందుగా మద్యాన్ని అనుమానిస్తామని చెప్పి, ఆ వైద్యురాలు నా బరువు గురించి అడగకుండానే నేరుగా మందు గురించి అడిగారు. అరికాళ్లలో తిమ్మిర్లు ఉన్నాయని చెప్పగానే బి1 విటమిన్ మొదలుపెట్టారు, బైపాస్ అయినవారిలో అది ముందే తక్కువగా ఉంటుందట, మద్యం ఉన్న కాస్తనూ ఊడ్చేస్తుందట.

కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ మొదట 8కి కాస్త పైన వచ్చింది. పూర్తిగా మానేసిన కొన్ని నెలలకు అది 6 లోపుకు దిగింది, రక్త పరీక్షలు కూడా సర్దుకున్నాయి. వాపు తగ్గితే ఆ అంకె దిగుతుందని, ముందున్నదంతా మచ్చ కాదని అప్పుడు తెలిసింది.

మళ్లీ 2016కు వెళితే ఈ ఆపరేషన్ చేయించుకుంటానా అంటే, అప్పటి నా షుగర్‌నూ కాలేయాన్నీ చూస్తే చేయించుకుంటాననే అంటాను. మందు అసలు అలవాటు లేని ఇళ్లలో వాళ్లకు నేను రాసినదానిలో సగం అక్కర్లేదు. నెలకో దావత్ తప్పని నాలాంటి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లయితే, సర్జన్‌తో ఈ సంగతి ముందే తేల్చుకుని, ఆ తరువాత కూడా ఏటేటా ఎస్‌.జి.ఓ.టి., జి.జి.టి. చేయించుకోవాలి. గడ్చిరోలి జిల్లా సిరోంచలో మా చిన్నాన్న కొడుకు ఇప్పుడు స్లీవ్ ఆలోచనలో ఉన్నాడు. అతనికి షుగర్ లేదు, వంతెన దాటితే తెలంగాణే, దాటని సాయంత్రం అరుదు. అతనికి మాత్రం ఇంకా నేను సరే అనలేదు.