అమెరికాలో పుట్టిన పిల్లల జాతకం ఏఐ యాప్‌లో చూపిస్తున్నారా? జాగ్రత్త

పెళ్లి సంబంధాలు చూస్తున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మా మేనకోడలు న్యూజెర్సీలో పుట్టింది, జూలై నెల, ఉదయం 9:50. ఏఐతో జాతకం చెబుతామనే ఒక యాప్‌లో డబ్బు కట్టి ఆ వివరాలు ఇచ్చాం. కన్యా లగ్నం (అంటే పుట్టిన సమయానికి తూర్పున ఉదయించే రాశి కన్య), అష్టమంలో అంటే ఎనిమిదో ఇంట్లో కుజుడు, తీవ్రమైన కుజదోషం అని వచ్చింది. ఆ మాట కిందే శాంతి పూజ బుక్ చేసుకోమని బటన్, 6,500 రూపాయలు. ఆ రిపోర్టు చూసి అబ్బాయి తరఫువాళ్లు వెనక్కి తగ్గారు. పిల్ల ఎంత బాధపడిందో చెప్పలేను.

మాకు తెలిసిన సిద్ధాంతి గారు వివరాలు వినగానే అడిగిన మొదటి ప్రశ్న: "వేసవిలో అక్కడ గడియారం గంట ముందుకు జరుపుతారు కదమ్మా, ఆ గంట తీసేశారా?" యాప్ తీసేయలేదు. లగ్నం సుమారు రెండు గంటలకోసారి మారుతుంది కాబట్టి ఆ ఒక్క గంటతో సింహ లగ్నం కాస్తా కన్య అయిపోయింది. సింహం నుంచి లెక్కిస్తే కుజుడు తొమ్మిదో ఇంట్లో ఉన్నాడు. లగ్నం నుంచి చూసే కుజదోషానికి 2, 4, 7, 8, 12 స్థానాలే లెక్క. పైగా ఆ కుజుడు ఉన్నది మేషంలో, తన సొంత ఇంట్లో. స్వక్షేత్రంలో ఉంటే దోషం వర్తించదని చాలామంది పండితులు చెబుతారు. యాప్ ఆ ఊసే ఎత్తలేదు.

చాట్‌లో ఈ సంగతి అడిగితే "క్షమించండి, మీరు చెప్పింది నిజమే" అంది. తర్వాతి వాక్యంలోనే మళ్లీ దోషం, మళ్లీ అదే పూజ బటన్! కస్టమర్ కేర్ మాత్రం రిపోర్టు ఇచ్చేశాం కాబట్టి డబ్బు వాపసు లేదంది.

కంప్యూటర్‌తో జాతకం వేయడం కొత్తేమీ కాదు, గ్రహస్థితులను సరిగ్గా లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఈ చాట్ ఏఐలు అలా లెక్క కట్టకుండానే నమ్మకంగా మాట్లాడేయగలవు, అదే ప్రమాదం. అందుకే ఫలితాలకంటే ముందు ఏ టైమ్ జోన్, ఏ అయనాంశ (రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో సరిచేసే కోణం) తీసుకున్నారో చూడండి. లాహిరి, రామన్ అనే రెండు అయనాంశ పద్ధతుల మధ్య దాదాపు ఒకటిన్నర డిగ్రీ తేడా ఉంటుంది, అంచున పుట్టినవాళ్లకు నక్షత్రమే మారిపోవచ్చు. అమెరికాలో 1987 నుంచి 2006 దాకా ఏప్రిల్ మొదటి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం వరకు సమ్మర్ టైమ్ ఉండేది. ఆ నెలల్లో పుట్టినవాళ్ల జాతకాలు మళ్లీ వేయించండి. ఈలోగా రిపోర్టు ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి.

ఇప్పటికే డబ్బు పోయిందంటే చాట్ స్క్రీన్‌షాట్లు, పేమెంట్ రసీదు దాచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మేమూ ఫిర్యాదు పెట్టాం.