మూడేళ్లుగా మా ట్యాంకులో ప్రీకాక్స్ రెయిన్‌బో చేపలు

దుకాణంలో చూసినప్పుడు వీటిని కొనబుద్ధి కాలేదు. బూడిద రంగులో, చిటికెన వేలంత కూడా లేవు. "ఆరు నెలలు ఆగి చూడండి సార్" అని దుకాణం అబ్బాయి అంటే ఎనిమిదింటిని తెచ్చాను. అతను చెప్పింది నిజమే. ఇప్పుడు పొద్దున్నే లైటు వేయగానే మగవి పక్కపక్కన చేరి రెక్కలు విప్పుతాయి. ఒళ్లంతా నీలి మెరుపు, రెక్కలు పండుమిరప ఎరుపు. కాఫీ గ్లాసుతో ఆ పావుగంట అక్కడే కూర్చుంటాను.

న్యూగినీ దీవి ఉత్తర భాగంలోని మాంబెరామో నది, దాని వాగులు ఈ ప్రీకాక్స్ సొంత ఊరు. పెరిగితే ఆరు సెంటీమీటర్ల చేప. అలాగని చిన్న తొట్టిలో వేయకండి, రోజంతా ఈదుతూనే ఉంటుంది. ఎత్తు కన్నా పొడవు ముఖ్యం. నాది మూడడుగుల ట్యాంకు. వెనక రిబ్బను లాంటి ఆకుల వాలిస్నేరియా మొక్కలు, చెక్కకు కట్టిన జావా ఫెర్న్ మొక్క, ముందంతా ఖాళీ. మొక్కల జోలికి పోవు.

మొదటి నెలలోనే ఒకటి పోయింది. హీటర్ వైరు కోసం మూతలో వదిలిన సందులోంచి రాత్రి దూకేసింది. పొద్దున నేల మీద దాన్ని చూసి చాలా బాధపడ్డాను. ఆ సందులో ఇప్పుడు స్పాంజి ముక్క ఉంది.

అసలు టెన్షన్ హైదరాబాదు ఎండాకాలంతో. వీటికి 24 నుంచి 28 డిగ్రీలు హాయి. మొదటి మే నెలలో నీళ్లు 32 దాటాయి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది కదా, అన్నీ పైకి చేరి నోళ్లు తెరిచాయి. మూత తీసి, దోమల జాలి బిగించి, నీళ్ల మీదికి చిన్న ఫ్యాను పెట్టాను. మూడు డిగ్రీలు తగ్గింది. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లే పోస్తాను. బోరు నీళ్లు పోస్తూ పోతే ఉప్పులు పేరుకుంటాయి.

నోరు చిన్నది కాబట్టి మేత నలిపి వేయాలి. కొనేటప్పుడు ఆడవి ఎక్కువ ఉండేలా చూసుకోండి, వాటి రెక్కలు పసుపు, నారింజ రంగుల్లో ఉంటాయి. నేను తెలియక తెచ్చిన ఎనిమిదిలో ఆరు మగవే. ఉన్న రెండు ఆడవాటినీ తరిమి తరిమి అలసగొట్టాయి. తర్వాత నాలుగు ఆడవాటిని తెచ్చాకే ట్యాంకు కుదుటపడింది.

జావా మాస్ అనే నీటి నాచులో సన్నటి పోగులతో అంటుకున్న గుడ్లు కనిపిస్తే వేరే తొట్టిలోకి మార్చాను. వారం దాటాక పిల్లలు వచ్చాయి, కంటికి ఆనవు. పొడి మేత వాటి నోట పట్టక మొదటి విడత మొత్తం పోయింది. రెండోసారి ముందే ఎండుటాకులు నానబెట్టి సూక్ష్మజీవుల నీళ్లు సిద్ధం చేసుకున్నాను. ఐదు బతికాయి. ఎనిమిది నెలలు నిండాయి, ఒకదాని తోక అంచున ఎరుపు మొదలైంది.