హోలీకి కొన్న చేతి మైకు: నెలన్నర ఊరంత తిప్పినంక

2025 మార్చి మొదటి వారంల వరంగల్ పోయి, చౌరస్తా దగ్గర ఒక షాపుల చేతి మైకు కొనుక్కొచ్చిన. 1,650 రూపాయలు. పోలీసోళ్ళు పట్టుకుంటరు సూడుండ్రి, మూతి ఎర్రగ, ఒళ్ళు తెల్లగ, కింద తుపాకి పిడి లెక్క ఉంటదే, గదే. నెలన్నర ఊరంత తిప్పినంక ఇప్పుడు రాస్తున్న. కొనాలె అనుకునెటోళ్ళు డబ్బ మీద రాసింది పక్కకువెట్టి గిది చదువుండ్రి.

నేనెవరో ముందుగాల చెప్పాలె. వర్ధన్నపేట అవతల ఒక చిన్న ఊర్ల మహిళా సంఘాల వీవోఏను, అంటె గ్రామ సంఘానికి సాయంగ పనిచేసేదాన్ని. కిస్తీలు కట్టిచ్చుడు, మీటింగులకు పిలుసుడు, యాసంగి వడ్లు వస్తె కొనుగోలు సెంటర్ల కూసునుడు. నా పనిల సగం మాట చేరేసుడే. "నాకెవ్వలు చెప్పలే" అన్న మాట నేను పడ్డన్నిసార్లు ఊర్ల ఇంకెవ్వలూ పడి ఉండరు.

పంచాయితి కాడ స్తంభానికి పెద్ద మైకు ఉండె. పిడుగు పడి దాని ఆంప్లిఫయర్ కాలిపోయింది. 2024 ఫిబ్రవరిల సర్పంచుల గడువు అయిపోయి ఊళ్ళన్ని స్పెషల్ ఆఫీసర్ల కిందికి పోయినంక ఆ మైకు సంగతి ఎవలకూ యాదికి లేదు. వాట్సాప్ గ్రూపు ఉన్నది. పొద్దుగాల నేను మీటింగని పెడితె, దాని మీద గులాబి పూలు, దేవుని ఫోటోలు ముప్పై పడి నా ముచ్చట బాయిల రాయి లెక్క అడుగుకు పోతది. ఇగ మిగిలింది డప్పు తాత. ఊరికి చాటింపు ఆయనదే. మోకాళ్ళు పట్టేసినయ్, పోయినేడాది నుంచి మూడు వాడలు తిరిగి నాలుగో వాడ మొదట్లనే కూసుంటున్నడు.

ఈ మైకును నేను ముందు చూసింది ఐనవోలు మల్లన్న జాతరల. సంక్రాంతి కాడ మొదలైతె ఉగాది దాకా నడుస్తది గదా ఆ జాతర. మల్లన్నకు రంగుల ముగ్గులతోని పట్నాలు ఏసే కాడ మందిల ఒక పిల్లగాడు తప్పిపోతె, వాలంటీరు పోరడు గిసొంటిదే పట్టుకొని అంగి రంగు చెప్పుకుంట తిరిగిండు. పావుగంటల తల్లి దొరికింది. అప్పుడే మనసుల పడ్డది. మావి 16 సంఘాలు, తలా వంద. తక్కువ పడ్డ యాభై నాది, ఇంకా ఎవలూ ఇయ్యలే.

డబ్బ మీద 25 వాట్లు, కిలోమీటరు దూరం అని ఉన్నది. కిలోమీటరు ముచ్చట మర్చిపోండ్రి. బొడ్రాయి కాడ నిలవడి మాట్లాడితె ఎదురుంగ చెరువు కట్ట మీద బర్లు కాసేటాయనకు ఇనవడ్డది. నా ఎనుక పది అడుగుల్ల కిరాణం దుకాణం నడిపే వదినెకు మాత్రం నేనేదో గునుగుతున్నట్టు ఇనవడ్డదంట. మూతి ఎటు తిప్పితె మాట అటే పోతది. అందుకని ప్రతి మూల మీద నాలుగు దిక్కులు తిరుక్కుంట నాలుగుసార్లు చెప్పాలె. గోడకు దగ్గర నిలవడితె కీ...య్ మని కూత పెడతది. బటను వత్తి పట్టుకుంటెనే పలుకుతది, ఇడిస్తె ఆగిపోతది. రెండు వాడలు తిరిగేసరికి బొటనవేలు తిమ్మిరెక్కుతది. భుజానికి ఏసుకునే పట్టి సన్నం, కోసుకపోతది. నేను పాత చున్నీ చుట్టిన.

మొదటి చాటింపు కామదహనానిది. మార్చి 13 రాత్రి కాముని కాలుస్తరు, కట్టెలు పిడకలు ఇయ్యాలె అని. ఏటా పోరగాండ్లు కోలలు పట్టుకొని జాజిరి పాటలు పాడుకుంట ఇంటింటికి తిరుగుతరు, బియ్యమో పైసలో అడుగుతరు. ఈసారి మైకు కావాలని నా ఎంటవడ్డరు. ఇచ్చిన. అండ్ల సైరన్ బటన్ ఒకటున్నదని నాకంటె ముందు వాళ్ళు కనిపెట్టిండ్రు. అంబులెన్సు అనుకొని రోడ్డు మీదున్న వాళ్ళంత పక్కకు జరిగిండ్రు. ఒక ముసలవ్వ ఎవలకేమైందోనని ఏడ్సుకుంట ఉరికొచ్చింది. తెల్లారి మోదుగు పూలు ఉడకవెట్టిన రంగు నీళ్ళు ఎగజల్లుకునే కాడికి మైకు తేవొద్దని చెప్పి బీరువల పెట్టి తాళమేసిన. సైరన్ బటన్ మీద ఇప్పుడు నల్ల టేపు ఉన్నది. కొన్న నాడే వేసుకోండ్రి.

ఇగ రికార్డింగు. షాపాయన ఎక్కువ పొగిడింది దీన్నే. రెండు నిమిషాలు మాట్లాడి పెడితె చెప్పిందే చెప్పుకుంట ఉంటది. ఏప్రిల్ 1 నుంచి రేషన్ల సన్నబియ్యం ఇస్తరని, మనిషికి 6 కిలోలని రికార్డు చేసి ఒక పోరనికి ఇచ్చి సైకిల్ మీద తోలిన. నేను ఇంట్ల కూసుని చాయ తాగిన. ఎంత సుఖమో అనుకున్న.

అర్ధగంటకు పోరడు వచ్చి నవ్వవట్టిండు. గౌండ్ల వాడల ఒక పెద్దమ్మ పగిలిన ప్లాస్టిక్ బిందె, రెండు ఇనుప చువ్వలు పట్టుకొని సైకిల్‌కు అడ్డమొచ్చి "కిలోకెంతిస్తవురా" అన్నదంట. పాత సామాన్లు కొనేటి ఆటో అనుకున్నది. ఆమె తప్పేం లేదు. చెప్పిందే చెప్పే గొంతు మా ఊరికి అట్లనే అలవాటు. పాత ఇనుము, ఎంటికలకు స్టీలు గిన్నెలు, ఐస్‌క్రీం. ఆ గొంతు ఇంటె మంది చెవులు మూసుకుంటరు.

అది పోనీ. సన్నబియ్యం అనంగనే అందరికి వంద అడుగుడున్నయి. కొత్త కార్డుకు పెట్టుకున్నోళ్ళకు వస్తదా? పట్నంల ఉన్న కొడుకు పేరు మీద బియ్యం అక్కడ్నే తీసుకోవచ్చా? ఏది అడిగినా డబ్బ "మనిషికి 6 కిలోలు" అనుకుంటనే పోయింది. డప్పు తాత గద్దె మీద కూసుని ఇదంత చూసిండు. సాయంత్రం నన్ను పిలిచి, "అడిగితె పలుకని దాన్ని ఊరి మీదికి తోలినవు గదనే బిడ్డా" అన్నడు. ఆయన చాటింపుకు రెండు గంటలు పట్టేది. నేను ముసలితనం అనుకున్న. ప్రతి వాడల ఎవలో ఒకలు ఆపి అడుగుతరంట, ఆయన చెప్తడంట, ఆ ఇంట్ల ఇన్ని మంచినీళ్ళు తాగి కదులుతడంట. తెలువకపోతె "పంచాయితి కారోబారును అడిగి రేపు చెప్త" అనేటోడంట. చెప్పేటోడు కూడ.

ఆ నాటి నుంచి రికార్డింగు బంద్. నేనే తిరుగుతున్న. తాతను ఎంట తీస్కపోతున్న. మూల మీద ఆయన నాలుగు దెబ్బలు కొడతడు, మంది దర్వాజల కాడికొస్తరు, నేను మైకుల చెప్త, అడిగినోళ్ళకు మైకు దించి చెప్త. చాటింపు పైసలు ఆయనకు ఎప్పటిలెక్కనే. ఉత్త మైకు సప్పుడుకు బయటికి రానోళ్ళు డప్పుకు వస్తున్నరు. ఇది సామాను రివ్యూల రాయాల్సిన ముచ్చటో కాదో గని, డప్పు లేని మైకుకు నేను ఐదుకు రెండే ఇస్త.

టైము గురించి ఒకటి చెప్పాలె. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు పెట్టొద్దని రూలు ఎట్లనూ ఉన్నది. మా ఊర్ల ఇంకో రూలు మిరపకాయ పెట్టింది. మార్చిల ఆరున్నరకు కూలోళ్ళ ఆటోలొస్తయి, ఏడు దాటితె మందంత కాయ ఏరటానికి పోయి ఊర్ల ముసలోళ్ళు, కోళ్ళు మిగులుతరు. అంటె మనకు దొరికేది పొద్దుగాల అర్ధగంట, మాపటికి ఒక గంట. మాపటికి చెప్దామంటె పదో తరగతి పరీక్షలు. మార్చి 21 నుంచి ఏప్రిల్ 4 దాకా నడిచినయ్. ఒక నాడు కిటికిల నుంచి ఒక తల్లి, "అక్కా, నీకు దండం పెడత, మా పోరికి రేపు లెక్కలు" అన్నది. అప్పటిసంది పరీక్షలున్న ఇండ్ల ముందు మైకు దించి, నడుసుకుంట పోయి నోటితోనే చెప్పిన. సౌండు చక్రం ఉన్నది గని సగానికి తగ్గిస్తె గొంతు ముక్కుల నుంచి వచ్చినట్టు వస్తది, పనికిరాదు.

కల్లాలకాడికి పోయి చెప్తె పగటిపూట మంది దొరుకుతరని ఒకసారి పోయిన. చపాటా మిరపకాయ ఎర్రగ ఆరవోసి ఉన్నది. మైకు ఎత్తి "అక్కలారా" అన్ననో లేదో ఘాటు ముక్కుకెక్కింది. వరుసగ ఏడు తుమ్ములు, ఏడూ 25 వాట్లల్ల. ఆ వారమంత నన్ను చూస్తె పోరలు తుమ్మిండ్రు.

మార్చి 30 ఉగాది. ఆంజనేయస్వామి గుడి మెట్ల మీద పంచాంగం చదువుతరు. కొత్త కుండల పచ్చడి కలిపి గ్లాసుల్ల పోస్తరు, మా దిక్కు పచ్చడి తాగేదే గదా. పంతులుగారు పుస్తకం ఒక చేతుల పట్టుకుంటె మైకు పట్టుకోరాలే. నేను పట్టుకున్న. రాతి స్తంభం దగ్గర అది కూత పెట్టుడు మొదలువెట్టింది. విశ్వావసు అని పేరు మంచిగనే వచ్చింది. రాశుల కాడికి వచ్చేసరికి ఆదాయం అనంగనే కూత, వ్యయం మాత్రం సాఫ్‌గ ఇనవడుడు. "మా ఆదాయం ఏడవోయింది పంతులూ" అని ఎనుక నుంచి ఎవలో అరిచిండ్రు. చివరికి బందువెట్టి పంతులుగారు గొంతెత్తి చదివిండు. మెట్ల మీద యాభై మంది ఉన్న కాడ మైకు ఎందుకో, ఇప్పుడు తలుచుకుంటె నాకే సమజు కాదు.

ఏప్రిల్ 6 శ్రీరామనవమికి ఆ తప్పు చెయ్యలే. కళ్యాణానికి టెంటు హౌసు నుంచి బాక్సులు తెప్పిచ్చిండ్రు. మంత్రాలు, సన్నాయి ఈ చేతి మైకుల పెడితె రేకు డబ్బల గులకరాళ్ళు ఊపినట్టు ఉంటది, ఆశ పెట్టుకోవద్దు. కాని అన్నదానం కాడ దీనికి తిరుగులేదు. వరుసల నిలవడుండ్రి, బండ్లు బడి గేటుకు అడ్డం పెట్టకుండ్రి, పానకం అయిపోలే ఇంకా ఉన్నది, గిట్ల పొట్టి పొట్టి మాటలకు దీన్ని మించింది లేదు. భద్రాచలం తలంబ్రాలు ఆర్టీసీ కార్గోల 151 రూపాయలకు ఇంటికి వస్తయని ముందే చాటిచ్చిన, కొందరు బుక్ చేసుకున్నరు.

ఇగ వడ్లు. నేను ఈ మైకుకు ఒక్క రూపాయి కూడ దండుగ కాలే అనేది ఈ ముచ్చటకే. నవమి పోయినంక వడ్లు కల్లాలకు వచ్చినయి. తేమ 17 శాతం దాటితె కాంటా కాదు, అందుకని రైతులు రోడ్డు మీద, బడి గ్రౌండ్ల, ఎక్కడ జాగ ఉంటె అక్కడ ఆరవోసిండ్రు. ఒక నాడు మూడు గంటలకు పడమటి దిక్కు నల్లగయ్యింది. ముందు గాలిదుమారం లేసింది. కరెంటు పోయింది, ఎనుకనే ఫోన్లల్ల సిగ్నల్ పోయింది. మంది అన్నాలు తిని ఒరిగి ఉన్నరు. నేను మైకు అందుకొని చెప్పుల్లేకుండ ఉరికిన. "వానొస్తున్నది, పట్టాలు కప్పుండ్రి, లేని వాళ్ళు సెంటర్ కాడికి రాండ్రి!" గిదే మాట. గాలి ఎదురున్నప్పుడు నా మాట నాకే తిరిగొచ్చింది, గాలికి ఎనుక మర్లి నిలవడితె మాత్రం మస్తు దూరం పోయింది. టేపు పీకి సైరన్ కూడ వత్తిన, అబద్ధమెందుకు. డప్పు తాత గద్దె మీద లేసి నిలవడి ఆగకుండ కొట్టిండు. సెంటర్ల ఉన్న టార్పాలిన్లు 40 కూడ పది నిమిషాలల్ల పోయినయి. ఎవల కుప్ప ఎవలు కప్పిండ్రో తెల్వదు. రెండు కుప్పలు తడిసినయి. అవి ఊర్ల లేని వాళ్ళవి.

ఆ వానకు మైకు నానింది. నీళ్ళకు ఆగదు, ఇది రాసుకోండ్రి. బియ్యం డబ్బల రెండు రోజులు పెడితె పలికింది గని అప్పటిసంది కరకరమంటది. చార్జింగు కూడ ముందు రెండు పూటలు ఆగేది, ఇప్పుడు ఒక్క పూట. షాపుకు తీస్కపోయిన. బిల్లు ఇయ్యలే గదా, వారంటీ నోటిమాటే. "తడిపినవు కదక్కా" అని వైరు ఒకటి మార్చి పంపిండు. మనకు బస్సు ఫ్రీ కాబట్టి పైసలు పోలే, పొద్దు పోయింది. బిల్లు అడిగి తీసుకోండ్రి, నీళ్ళు తగలకుండ మీద కవరు లెక్క ఏదన్న కుట్టిచ్చుకోండ్రి.

మొత్తానికి ఐదుకు మూడున్నర. ఊరు చిన్నదైతె, తిరిగే ఓపిక ఉంటె కొనొచ్చు. పెద్ద మీటింగులకు, గుడి కార్యాలకు వద్దు. రికార్డింగు చూసి మాత్రం కొనకుండ్రి.

ఇప్పుడు చార్జింగు పెట్టిన. ఆ నాడు తీస్కపోయిన 40 టార్పాలిన్లల్ల 31 వాపసొచ్చినయి. మిగిలిన 9 ఎవల ఇంట్ల ఉన్నయో రేపు పొద్దుగాల ఆరున్నరకు చాటియ్యాలె. పేర్లు చదువుదామంటె తాత వద్దంటున్నడు.